చూపుకు ఒకటే దోమ, లెక్కకు అయిదు జాతులు

పొద్దుగూకే వేళ చెరువు గట్టు మీదో, పెరట్లో పేడకుప్ప పక్కనో నిలబడ్డప్పుడు, తలకు మూరెడు ఎత్తున సన్నటి పొగలా ఒక పురుగుల గుంపు పైకీ కిందికీ ఆడుతుండటం మీరు చూసే ఉంటారు. మీరు రెండడుగులు జరిగితే అదీ మీ వెంట జరుగుతుంది. అవన్నీ దోమలే కానక్కరలేదు. దోమలను పోలిన వేరే పురుగులు కూడా ఇలాగే గుంపు కడతాయి. కానీ ఆ గుంపు దోమలదే అయితే అందులో ఉన్నవి దాదాపు అన్నీ మగవే. అవి మిమ్మల్ని కుట్టవు, వాటికి రక్తంతో పని లేదు. అవి ఎదురుచూసేది ఆడదోమ కోసం. ఆడదోమ ఒకటి ఆ గుంపులోకి ఎగిరి వస్తుంది. దాని రెక్కల రొదను మగదోమ పసిగడుతుంది. గాలిలోనే జత కుదురుతుంది. కొన్ని సెకన్లలో పని ముగిసి రెండూ గుంపులోంచి జారుకుంటాయి. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమల్లో చాలావాటి పెళ్ళి ఇలాగే జరుగుతుంది. పైగా వీటిలో ఆడదోమ సాధారణంగా జీవితంలో ఒక్కసారే జతకడుతుంది.

ఆ కొన్ని సెకన్లలో ఏ ఆడదోమ ఏ మగదోమతో కలిసిందన్నది పట్టించుకోవలసిన విషయమా అని మీకు అనిపించవచ్చు. ఒక ఊళ్ళో మలేరియా వ్యాపిస్తుందా లేదా, గోడల మీద చల్లిన మందు పనిచేసినట్టా చేయనట్టా అన్న ప్రశ్నలకు జవాబు చాలాసార్లు అక్కడే దొరికింది. ఆ కథ చెప్పుకోవాలంటే ముందు 'జాతి' అన్న మాట సంగతి తేల్చుకోవాలి.

పొమేరియన్ కుక్కనూ మన ఊరకుక్కనూ పక్కపక్కన నిలబెట్టండి. రెండింటికీ పోలిక తక్కువ. అయినా అవి ఒకే జాతి, ఎందుకంటే వాటికి పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకూ పిల్లలు పుడతాయి. గుర్రం, గాడిద చూడటానికి అంతకంటే దగ్గరగా ఉంటాయి. వాటికి పుట్టిన కంచర గాడిద బరువులు మోస్తుంది, కొండలెక్కుతుంది, కానీ దాని వంశం దానితోనే ఆగిపోతుంది. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62. కంచర గాడిదకు వచ్చేవి 63. బీజకణాలు తయారయ్యే సమయంలో అవి సరిగా జతపడవు.

కాబట్టి జాతిని గుర్తించడానికి పోలిక నమ్మదగిన కొలత కాదు. తమలో తాము జతకట్టి సంతానాన్ని కొనసాగించే జీవుల సముదాయమే జాతి అని, ఇతర సముదాయాల నుంచి దాన్ని వేరుచేసేది 'ప్రత్యుత్పత్తి వివిక్తత' అని ఎర్నెస్ట్ మేయర్ 1942లో స్పష్టంగా నిర్వచించాడు. పాఠ్యపుస్తకాల్లో ఈ వివిక్తతకు పెద్ద పట్టికే ఉంటుంది. పరీక్షకు కావాలంటే కంఠస్థం చేయండి గానీ, విషయం రెండు ముక్కల్లో చెప్పవచ్చు. కొన్ని అడ్డుగోడలు జత కుదరకముందే ఉంటాయి. ఒకటి వానకాలంలో, మరొకటి చలికాలంలో జతకడితే అవి కలుసుకోనే కలుసుకోవు. ఒకదాని పిలుపు మరొకదానికి పిలుపుగా వినిపించకపోయినా అంతే. కొన్ని గోడలు జత కుదిరాక లేస్తాయి. అండం శుక్రకణాన్ని అంగీకరించకపోవచ్చు, పిండం మధ్యలోనే చనిపోవచ్చు, లేదా కంచర గాడిదలా పుట్టిన బిడ్డ గొడ్డుపోవచ్చు.

ఇక దోమల దగ్గరికి వద్దాం.

దోమ ఉంది, జ్వరం లేదు

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్, మచ్చల రెక్కలున్న ఒక దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మరుసటి ఏడాది ఇటలీలో గ్రాస్సీ బృందం మనుషుల మలేరియాను వ్యాపింపజేసేది అనాఫిలిస్ దోమలేనని తేల్చింది. ఐరోపాలో ఆ దోమ పేరు అనాఫిలిస్ మాక్యులిపెన్నిస్. లెక్క తేలికైపోయింది అనుకున్నారు: ఈ దోమ ఉన్నచోట మలేరియా ఉండాలి.

తీరా చూస్తే లెక్క కుదరలేదు. మాక్యులిపెన్నిస్ దోమలు మూగి ఉన్నా మలేరియా లేని ప్రాంతాలు ఐరోపాలో ఎన్నో కనిపించాయి. పక్కనే మరో ప్రాంతంలో అదే దోమ, జనం మాత్రం జ్వరంతో మూలుగుతున్నారు. దోమ ఒకటే అయితే ఈ తేడా ఎందుకు? మనుషుల తిండి, ఇళ్ళ కట్టుబడి, పశువుల సంఖ్య ఇలా రకరకాల కారణాలు చెప్పారు. కొన్నిచోట్ల దోమలు మనుషులను వదిలి పశువులనే కుడుతున్నాయని గమనించారు కూడా. కానీ ఒకే దోమ అక్కడలా, ఇక్కడిలా ఎందుకు ప్రవర్తిస్తోందో ఎవరూ చెప్పలేకపోయారు.

చిక్కుముడికి కొస దొరికింది గుడ్లలో. ఇటలీ ప్రజారోగ్య శాఖలో పనిచేసిన దొమెనికో ఫల్లెరోని దోమల గుడ్లను శ్రద్ధగా పరిశీలించేవాడు. పెద్ద దోమలు అచ్చు ఒకేలా ఉన్నా, అవి పెట్టిన గుడ్ల మీది చారలూ మచ్చలూ వేరువేరుగా ఉన్నాయని, ఒక తల్లి పెట్టే గుడ్లన్నీ ఒకే రకంగా ఉంటాయని అతడు గుర్తించాడు. 1926లో ఆ రకాలకు తన పరిచయస్థులైన లాబ్రాంకా, మెస్సెయా పేర్ల మీదుగా లాబ్రాంకియే, మెస్సియే అని పేర్లు పెట్టాడు. తరువాతి పదేళ్ళలో హాకెట్, మిస్సిరోలి, మరికొందరు ఈ గుడ్ల రకాలను మలేరియా పటంతో పోల్చి చూసేసరికి తెర తొలగింది. లాబ్రాంకియే గుడ్లు దొరికిన తీరప్రాంతాల్లో మలేరియా ఉంది. మెస్సియే మాత్రమే ఉన్నచోట దాదాపు లేదు, అది ప్రధానంగా పశువుల రక్తం తాగే దోమ. నెదర్లాండ్స్‌లో దొరికిన అట్రోపార్వస్ అనే మరో రకం కాస్త ఉప్పదనం ఉన్న నీటిలో పెరుగుతుంది, చలికాలంలో ఇళ్ళలోనే మకాం వేసి మధ్యమధ్య రక్తం తాగుతుంది. చిన్న పంజరంలో పెట్టినా అది జతకడుతుంది. మెస్సియే అలా కాదు, దానికి ఆకాశంలో గుంపు ఆట కావలసిందే!

ఇవన్నీ ఒకే జాతిలోని రకాలా, వేరు జాతులా? ప్రయోగశాలలో వీటిని కలిపి చూశారు. కొన్ని జోడీల గుడ్లు ఎదగలేదు. కొన్నిటిలో పిల్లలు పుట్టినా అవి గొడ్డుపోయాయి. బయట ప్రకృతిలో ఒకే చోట ఉంటూ కూడా అవి కలగాపులగం కాలేదు. అంటే కళ్ళకు ఒక్కటిగా కనిపించే ఈ దోమలు నిజానికి వేరువేరు జాతులు. ఇలాంటి వాటిని 'సహోదర జాతులు' అంటారు. మేయర్ తన గ్రంథాల్లో ఈ దోమలను ప్రత్యేకంగా ఉదాహరించడానికి కారణం ఇదే. రూపం మీద ఆధారపడిన వర్గీకరణ ఇక్కడ చేతులెత్తేసింది.

గోడ కట్టింది ఎవరు?

ఒకే తల్లి జాతి నుంచి వచ్చిన రెండు గుంపుల మధ్య ఈ అడ్డుగోడ ఎలా లేస్తుంది? పిల్లలు గొడ్డుపోవడం ఎవరికీ లాభం కాదు. మరి ప్రకృతివరణం దాన్ని ఎలా సహించింది? డార్విన్‌ను కూడా ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇది.

ఒక బోల్టునూ దానికి సరిపడే నట్టునూ ఊహించుకోండి. నట్టు కాస్త వదులుగానే ఉంది. ఇలాంటి జతలు వాడే ఊరు వరదొచ్చి రెండుగా విడిపోయింది. ఒక ఊళ్ళో కాలక్రమంలో బోల్టు కొంచెం లావెక్కింది, పాత నట్టులో బిగుతుగా పడుతోంది, ఇబ్బంది లేదు. రెండో ఊళ్ళో బోల్టు మారలేదు గానీ నట్టు కొంచెం ఇరుకైంది, పాత బోల్టుతో అదీ బాగానే ఉంది. ఏ ఊరికీ ఎన్నడూ నష్టం రాలేదు. ఇప్పుడు రెండు ఊళ్ళ సామాను కలిపితే? లావు బోల్టు ఇరుకు నట్టులో పట్టదు. ఆ రెండూ అంతవరకు ఎదురుపడనే లేదు, కాబట్టి వాటి పొత్తును పరీక్షించే సందర్భమే రాలేదు.

బోల్టు, నట్టు అన్నచోట రెండు జన్యువులు అని చదువుకోండి. కలిసి పనిచేసే ఆ జన్యువులు రెండు గుంపుల్లో విడివిడిగా మారి, మొదటిసారి ఒకే దేహంలో, అంటే సంకర సంతానంలో, ఎదురుపడతాయి. ఈ ఆలోచన 1909లోనే బేట్సన్‌కు తట్టింది. 1930లలో డాబ్‌జాన్‌స్కీ, ఆ తరువాత ముల్లర్ దాన్ని పటిష్ఠం చేశారు. గమనించండి, ఇక్కడ గోడ కట్టాలని ఎవరూ కట్టలేదు. వేరువేరుగా బతకడంలో అది దానంతటదే లేచింది. 'వివిక్తతా యంత్రాంగాలు' అని పుస్తకాల్లో రాసేస్తారు గానీ, యంత్రాంగం అనగానే ఏదో పని కోసం తయారుచేసినట్టు ధ్వనిస్తుంది. నా మటుకు నాకు ఆ మాట నచ్చదు.

అయితే ఒకసారి సంకర సంతానం గొడ్డుపోవడం మొదలయ్యాక పరిస్థితి మారుతుంది. ఒక్కసారే జతకట్టే ఆడదోమ పొరపాటున పరాయి జాతి మగదోమతో కలిస్తే దాని జీవితమంతా వృథా. పొరపాటు చేయని దోమలకే మనుమలు మిగులుతారు. అలా జత కుదరకముందే ఆపే గోడను ప్రకృతివరణం నిజంగానే బలపరచగలదు.

గొడ్డుపోవడంలో ఒక విచిత్రం ఉంది. సంకర సంతానంలో ఆడ, మగ రెండింటిలో ఒకటే దెబ్బతింటే, అది రెండు రకాల లింగ క్రోమోజోములున్నదే అవుతుంది. 1922లో జె.బి.ఎస్. హాల్డేన్ గుర్తించిన సూత్రమిది. అనాఫిలిస్ దోమల్లోనూ మనలోనూ మగజీవికి ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి, కాబట్టి మగవే గొడ్డుపోతాయి. పక్షుల్లో, సీతాకోకచిలుకల్లో రెండు రకాలుండేది ఆడవాటికి, అక్కడ ఆడవే గొడ్డుపోతాయి. ఎక్స్ మీద ఉన్న లోపం ఒక్కటే ఎక్స్ ఉన్నవాటిలో దాగదు, రెండున్నవాటిలో రెండోది కప్పిపుచ్చవచ్చు. కలకత్తా అలీపూర్ జంతుప్రదర్శనశాలలో పులికీ సింహానికీ పుట్టిన రుద్రాణి అనే ఆడ సంకరజీవి, తిరిగి ఒక సింహంతో కలిసి పిల్లలను కన్నది కూడా ఈ సూత్రానికి లోబడే. హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి ఇక్కడి పౌరుడయ్యాడు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహాన్ని బోధనకు, పరిశోధనకు వాడుకోమని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసి ఇచ్చాడు.

మన గొడ్ల చావిట్లో

భారతదేశపు పల్లెల్లో మలేరియాకు ముఖ్యవాహకం అనాఫిలిస్ క్యులిసిఫేసీస్. 1901లో గైల్స్ దీనికి ఈ పేరు పెట్టాడు. దేశంలోని మలేరియా కేసుల్లో 60 నుంచి 65 శాతం దీని చలవేనని అంచనా. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏటా సుమారు ఏడున్నర కోట్ల మంది మలేరియా పాలయ్యేవారు. 1953లో నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలై, గోడల మీద డి.డి.టి. చల్లగా చల్లగా 1965 నాటికి ఆ సంఖ్య లక్షకు దిగింది. అందరూ ఊపిరి పీల్చుకుంటుండగానే జ్వరం తిరగబెట్టింది. 1976లో 64 లక్షలకు పైగా కేసులు! దోమలకు డి.డి.టి. అలవాటైపోయిందన్నారు. అది నిజమే గానీ, ఏ దోమలకు?

1980లో గ్రీన్, మైల్స్ అనే శాస్త్రవేత్తలు క్యులిసిఫేసీస్ ఒకటి కాదని, కనీసం రెండు జాతులని తేల్చారు. వాటికి ఎ, బి అని పేర్లు పెట్టారు. ఢిల్లీలోని మలేరియా పరిశోధన కేంద్రంలో సరళా కె. సుబ్బారావు బృందం 1983లో సి జాతిని గుర్తించింది. 1991లో డి, 1999లో ఇ బయటపడ్డాయి. ఇ రామేశ్వరం ద్వీపంలో, వై క్రోమోజోము ఆకారం ఆధారంగా దొరికింది. ఈసారి గుడ్ల మీద చారలు కూడా లేవు. మరి ఎలా కనిపెట్టారు?

రక్తం తాగి సగం గుడ్లు ఎదిగిన ఆడదోమ అండాశయంలో కొన్ని కణాలుంటాయి. వాటి క్రోమోజోములు పదేపదే రెట్టింపై, విడిపోకుండా అతుక్కుని, లావాటి చారల పట్టీల్లా మారతాయి. వాటి మీది అడ్డచారల వరుసను సూక్ష్మదర్శినిలో చదవవచ్చు. ఈ వరుసను రైలు పెట్టెలతో పోల్చండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు అని పెట్టెలున్న రైల్లోంచి మధ్యలోని మూడు, నాలుగు, అయిదును విడదీసి, తిప్పి తగిలిస్తే ఒకటి, రెండు, అయిదు, నాలుగు, మూడు, ఆరు అవుతుంది. క్రోమోజోముల్లో కూడా ఇలా తిరగబడటం జరుగుతుంది. దీన్ని విలోమం అంటారు. తల్లి నుంచి మామూలు వరుస, తండ్రి నుంచి తిరగబడిన వరుస వచ్చిన దోమలో ఈ రెండూ చారకు చార జతపడాలంటే ఒకటి మెలికపడక తప్పదు. ఆ మెలిక ఉచ్చులా స్పష్టంగా కనిపిస్తుంది.

ఇప్పుడు లెక్క మీరే చేయండి. ఒక చావిట్లో సగం దోమల్లో మామూలు వరుస, సగంలో తిరగబడిన వరుస ఉందనుకుందాం. అవన్నీ ఒకే జాతిగా యథేచ్ఛగా కలిస్తే, వచ్చే తరంలో పుట్టే ప్రతి వంద ఆడదోమల్లో ఎన్నిటికి ఉచ్చు కనిపించాలి? సుమారు యాభైకి. ఒకే ఊళ్ళో, ఒకే చావిట్లో పట్టిన దోమలను చూస్తే ఉచ్చులు కనిపించలేదు. రెండు వరుసలూ ఉన్నాయి, మధ్యరకం లేదు. ఒకే గోడ మీద పక్కపక్కన కూర్చున్న దోమలు ఒకదాన్నొకటి పెళ్ళాడటం లేదన్నమాట! ఎవరూ వాటి పెళ్ళిని కళ్ళారా చూడలేదు. అయినా జరగలేదని క్రోమోజోములు సాక్ష్యం చెప్పాయి. మైల్స్ 1981లో ఎ, బి జాతులను ప్రయోగశాలలో కలిపినప్పుడు, ఒక వైపు సంకరంలో మగపిల్లలు గొడ్డుపోయాయి, తల్లిదండ్రుల జాతులను తారుమారు చేస్తే అలా జరగలేదు. మగపిల్లకు ఎక్స్ తల్లి నుంచే వస్తుంది కదా. ఎవరి ఎక్స్ వచ్చిందన్నదే తేడా అని హాల్డేన్ సూత్రం తెలిసినవారు ఊహించగలరు.

ఈ వేరుపడటం వల్ల ఏమిటి లాభం? ఎ, సి, డి, ఇ జాతులు మలేరియాను మోస్తాయి. బి జాతి మన దేశంలో చెప్పుకోదగ్గ వాహకం కాదు, అది దాదాపుగా పశువుల రక్తం మీదే బతుకుతుంది. బి మాత్రమే ఉన్న ఊళ్ళో 'క్యులిసిఫేసీస్ విపరీతంగా ఉంది' అని లెక్కగట్టి మందు చల్లితే డబ్బూ శ్రమా దండగ. రెండోది ఇంకా ఆసక్తికరం. డి.డి.టి.కి ఎ జాతి ఎక్కువగా లొంగుతుంది, బి జాతి తట్టుకుంటుంది. ఎ, బి కలిసి ఉన్న ఊళ్ళో మందు చల్లారనుకోండి. మర్నాడు చావిట్లో దోమలు బతికే ఉంటాయి. మందు పనిచేయలేదని అందరూ అంటారు. కానీ బతికినవాటిలో ఎక్కువ భాగం బి, చచ్చినవాటిలో ఎక్కువ భాగం ఎ కావచ్చు. అంటే దోమలు తగ్గకపోయినా మలేరియా తగ్గవచ్చు! ఒకే జాతి అన్న భ్రమలో ఉన్నంతకాలం ఈ విషయం ఎవరికీ కనిపించే అవకాశం లేదు.

ఇప్పుడు దోమ కాలు ముక్కలోంచి డి.ఎన్.ఎ. తీసి జాతిని చెప్పే పద్ధతులున్నాయి. అయితే కొన్ని డి.ఎన్.ఎ. భాగాల్లో ఎ, డి ఒక జట్టుగా, బి, సి, ఇ మరో జట్టుగా కనిపిస్తాయి, జట్టు లోపల తేడా దొరకడం కష్టం. వేరుపడి ఎంతోకాలం కాని జాతుల్లో ఇలాగే ఉంటుంది.

బీటలు

ఆఫ్రికాలో మలేరియాను మోసే అనాఫిలిస్ గాంబియే కూడా ఇలాంటి సహోదర జాతుల కూటమే. 1960లలో సంకరణ ప్రయోగాలతో దాన్ని విడగొట్టారు. మిగిలిన గాంబియేలో మళ్ళీ రెండు రకాలు కనిపించాయి. వాటిలో ఒకదానికి 2013లో కొలుజ్జై అని ప్రత్యేక జాతి పేరు ఇచ్చారు. వీటి మధ్య సంతానం ఆరోగ్యంగా ఉంటుంది, గొడ్డుపోదు. గోడ అంతా జతకట్టే దగ్గరే ఉంది. మాలీ దేశపు పల్లెల్లో చూస్తే ఒకటి బోసి నేల మీద, మరొకటి చెత్తకుప్పల వంటి ప్రస్ఫుటమైన గుర్తుల మీద గుంపు కడుతోంది. ఒకే సాయంత్రం, ఒకే ఊరు, వేరువేరు మండపాలు అన్నమాట.

చాలాచోట్ల ఈ గోడ బాగానే నిలుస్తుంది, సంకర దోమలు అరుదు. కానీ అరుదు అంటే సున్నా కాదు. దోమల నరాల్లోని ఒక ప్రోటీను స్వల్పంగా మారితే డి.డి.టి., దోమతెరలకు పట్టించే పైరెత్రాయిడ్ మందులు దాన్ని పట్టుకోలేవు. ఆ మార్పు గాంబియేలో పుట్టి, అరుదుగా జరిగిన ఒక కలయిక గుండా కొలుజ్జైలోకి దూరింది. మందు పట్టించిన దోమతెరలు ఊరూరా పంచిన కాలంలో ఆ జన్యువున్న దోమలే బతికాయి, దాంతో అది కొలుజ్జైలో వేగంగా వ్యాపించింది. దాని చుట్టూ ఉన్న క్రోమోజోము ముక్క మాత్రం ఇప్పటికీ గాంబియేదే. మిగతా జన్యువుల్లో కొలుజ్జై కొలుజ్జైగానే ఉంది. గోడ కూలలేదు, కానీ మన మందును ఓడించే జన్యువు దూరడానికి ఒక్క బీట సరిపోయింది.